పొగ వెనుకవారికే ముందు కనబడుతుంది

మోటారు సైకిలు నడిపేవాడికి తన బండి వదిలే పొగ కనబడదు. వెనుక వచ్చేవాడు ముక్కు మూసుకుంటాడు, సందులో ఆడుకునే పిల్లలు దగ్గుతారు, కూడలిలో పోలీసు తేరిపార చూస్తాడు. నడిపేవాడు మాత్రం బండి బాగానే ఉందనుకుంటూ సాగిపోతాడు. ఈ చిన్న సంగతి నాకు నలభై తొమ్మిదో ఏట అర్థమైంది. అర్థమయ్యేలా చేసినవాడు మా అబ్బాయి.

ఆ బండి మా అబ్బాజాన్ 2006లో కొన్న స్ప్లెండర్. తెనాలిలో ఒక బట్టల దుకాణంలో గుమాస్తాగా పనిచేస్తూ, పైసా పైసా కూడబెట్టి కొన్నారు. ప్రతి శుక్రవారం జుమాకు ముందు దానిని స్వయంగా తుడిచేవారు. ఆయన అల్లాహ్ సన్నిధికి చేరుకున్న తరువాత బండి నా చేతికి వచ్చింది. పన్నెండు కిలోమీటర్ల దూరంలోని పాఠశాలకు నన్ను ఏళ్ల తరబడి మోసింది. పదిహేనేళ్లు నిండాక రిజిస్ట్రేషన్‌ను పునరుద్ధరించాం. బండిని తుడిచే అలవాటు మాత్రం అబ్బాజాన్‌తోనే పోయింది. ఆయిలు తగ్గినప్పుడల్లా పోస్తూ వచ్చానే గాని, ఎందుకు తగ్గుతున్నదని ఒక్కనాడూ ఆలోచించలేదు.

నిరుడు వేసవిలో దానిని అమ్మవలసి వచ్చింది. మా పెద్దవాడి ఇంటర్ రెండవ సంవత్సరం ఫీజుకు కొంత సొమ్ము తక్కువ పడింది. పల్లెలకు రొట్టెలు, బిస్కట్లు తీసుకెళ్లి అమ్ముకునే ఒకాయన బండి కోసం వెతుకుతున్నాడని తెలిసింది. అప్పటికే బండి వెనుక నీలిపొగ బారులు తీరుతోంది. బజారులోని మెకానిక్‌కు చూపిస్తే, ఇంజను పని పూర్తిగా చేయాలంటే 6,000 రూపాయలు అవుతుందన్నాడు. తరువాత గొంతు తగ్గించి మరో మార్గం చెప్పాడు.

“అమ్మే బండికి అంత ఖర్చెందుకు సార్? చిక్కటి ఆయిలు పోసి, పొగ తగ్గించే మందు ఒక డబ్బా కలుపుదాం. 400 రూపాయలతో పోతుంది. నెల రోజులు పొగ కనబడదు. 20,000కు తక్కువ అడగకండి. పొగతో చూపిస్తే 9,000 కూడా ఇవ్వరు.”

ఆయన చెప్పిన దానిలో సాంకేతికంగా తప్పులేదు. చిక్కటి నూనె అరిగిన సందులగుండా అంత సులభంగా పైకి రాదు. అరుగుదల అలాగే ఉంటుంది, పొగ మాత్రం కొంతకాలం మరుగున పడుతుంది. నేను కాదనలేదన్న నిజాన్ని దాచను. ఆ ఆయిలు డబ్బా కొని ఇంటికి తెచ్చాను.

మొదట అడ్డుపడినది నా శ్రీమతి. డబ్బా చూసి విషయం అడిగి తెలుసుకుంది. “ఆ రొట్టెలాయన ఇంట్లో కూడా నాలాంటి ఒకామె ఉంటుంది కదా. నెల తరువాత బండి ఆగిపోతే ఆమె ఎవరిని అడగాలి?” అన్నది. నేను బదులు చెప్పకముందే, గోడకు ఆనుకుని కూర్చున్న మా అబ్బాయి తలెత్తకుండానే అన్నాడు. “దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బజారులో ధాన్యపు కుప్పలో చేయి పెట్టి చూసిన సంఘటన మీరే మాకు చెప్పారు కదా, అబ్బూ.”

అవును, నేనే చెప్పాను. పైన పొడి ధాన్యం, లోపల తడి. వానకు తడిసిందని వర్తకుడు సంజాయిషీ చెబితే, ఆ తడిసిన దానిని జనానికి కనబడేలా పైనే ఎందుకు ఉంచలేదని దైవప్రవక్త (స) ప్రశ్నించారు. పిల్లలకు ఆ సంఘటన ఎన్నిసార్లు వినిపించానో లెక్కలేదు. నా చేతిలోని డబ్బాకు ఆ కుప్పతో సంబంధం ఉందని మాత్రం ఆ నిమిషం వరకు తోచలేదు.

ఇక్కడ మా అబ్బాయి సంగతి చెప్పాలి. ఆ ఏప్రిల్‌లో వచ్చిన ఫలితాలలో వాడు ఫిజిక్సు తప్పాడు. ఆ రోజు నుండి ఇంట్లో మాట తగ్గించాడు. భోజనానికి పిలిస్తే వచ్చేవాడు, తిని లేచిపోయేవాడు. ధాన్యపు కుప్ప గురించి అన్న ఆ ఒక్క వాక్యమే మూడు వారాలలో వాడు నాతో మాట్లాడిన అతి పెద్ద మాట. అందుకే నాకు ఒక ఆలోచన వచ్చింది. “సరే, దాచవద్దు. మనమే బాగుచేద్దాం. పొద్దున నువ్వు సప్లిమెంటరీకి చదువుకో. అసర్ నమాజు తరువాత ఇద్దరం బండి దగ్గర కూర్చుందాం” అన్నాను. వాడు తల ఊపాడు.

మాకు ఇంజను పని తెలియదు. మా వీధి చివర ఒక వృద్ధ మేస్త్రీ ఉన్నారు. నలభై ఏళ్లు షెడ్డు నడిపి, చూపు మందగించి, చేతులు వణకడం మొదలయ్యాక పని మానేశారు. అడగగానే, “నా చేతులు పనికిరావు భాయ్, నోరు పనికివస్తుంది. చేతులు మీ అబ్బాయివి” అన్నారు. ప్రతి సాయంత్రం మా వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చునేవారు.

మేస్త్రీ చాచా మొదటి రోజు ఒక్క మరను కూడా విప్పనివ్వలేదు. ముందు పొగను చదవడం నేర్పారు. నల్లపొగ వస్తే పెట్రోలు ఎక్కువగా మండుతున్నదని అర్థం. చోక్ మూసి ఉండటమో, గాలి ఫిల్టరు పూడిపోవడమో కారణం కావచ్చు. చలికాలపు ఉదయం కాసేపు కనబడి మాయమయ్యే తెల్లటి ఆవిరితో భయం లేదు, అది నీటి తేమ. ఘాటు వాసనతో నీలిరంగు పొగ వస్తే మాత్రం ఇంజనులో ఉండవలసిన ఆయిలు పైకి చేరి మండుతున్నట్లు. పాతకాలపు రెండు స్ట్రోకుల బండ్లలో ఆయిలును పెట్రోలులోనే కలిపి మండిస్తారు కనుక కొంత పొగ సహజం. మన బండి నాలుగు స్ట్రోకులది, దీనికి ఆ సాకు లేదు.

ఆయిలు పైకి చేరడానికి ముఖ్యంగా రెండు దారులు. ఒకటి పిస్టన్ రింగులు, బోరు అరగడం. రెండవది వాల్వుల కాడలను పట్టి ఉండే చిన్న రబ్బరు సీళ్లు గట్టిపడి పగలడం. రాత్రంతా నిలిపిన బండి తెల్లవారి మొదటిసారి స్టార్టు చేసినప్పుడు గుప్పున పొగ వదిలి ఆ తరువాత తగ్గితే సీళ్లను అనుమానించాలి. యాక్సిలేటరు ఇచ్చినంతసేపూ పొగ వెంటబడుతుంటే రింగులను అనుమానించాలి. మా బండి రెండు విధాలా పొగ వదిలింది.

“ఇంకొక పరీక్ష ఉంది బేటా” అన్నారు చాచా. ప్లగ్గు విప్పించారు. దాని కొన నల్లగా, నూనెతో తడిసి ఉంది. ఆ రంధ్రం మీద బొటనవేలు అదిమిపెట్టి కిక్ కొట్టమన్నారు. గాలి బలహీనంగా నెట్టింది. తరువాత చెంచాడు ఆయిలు ఆ రంధ్రంలో పోయించి మళ్లీ కొట్టించారు. ఈసారి వేలు పైకి ఎగిరింది. “చూశావా? ఆయిలు వెళ్లి రింగుల సందులు పూడ్చింది, అందుకే ఒత్తిడి పెరిగింది. పెరగకపోతే తప్పు వాల్వులదని అనుకోవలసి వచ్చేది.” మా వాడు తన బొటనవేలిని అలాగే చూసుకుంటూ ఉండిపోయాడు. పుస్తకంలో చదివిన పీడనం వాడి వేలికి తగిలింది.

రెండవ రోజు నుండి విప్పడం మొదలైంది. నా శ్రీమతి పాత పరుపు దుప్పటి ఒకటి, బోల్టులు వేసుకోవడానికి స్టీలు పళ్లేలు రెండు ఇచ్చింది. పెట్రోలు కాక్ మూసి, ఆయిలు ఒక డబ్బాలోకి దించాం. అది తారులా ఉంది. దానిని మురుగుకాల్వలో పోయనివ్వలేదు చాచా, పాత ఆయిలు పోగుచేసే షెడ్డుకు పంపారు. సైలెన్సరు, కార్బురేటరు ఊడదీశాం. ఫ్లైవీలు మీది గుర్తును కేసు మీది గుర్తుకు సరిగ్గా ఎదురుగా తెచ్చి, టైమింగ్ చైను లోపలికి జారిపోకుండా తీగతో కట్టి, హెడ్డు నట్లు నాలుగింటిని ఎదురెదురుగా కొద్దికొద్దిగా వదులు చేశాడు మా వాడు. విప్పే ప్రతి దశనూ ఫోనులో ఫొటో తీశాడు. ఏ బోల్టు ఎక్కడిదో అట్టముక్కకు గుచ్చి పేరు రాశాడు. ఆ శ్రద్ధ వాడి ఫిజిక్సు నోటుబుక్కులో నేనెన్నడూ చూడలేదు.

హెడ్డు ఊడివచ్చాక పిస్టన్ తల మీద మందపాటి మసి పెచ్చులు కట్టి ఉంది. బోరులో నిలువునా గీతలు, వేలి గోటికి తగిలేంత లోతుగా ఉన్నాయి. చాచాకు సరిగా కనబడదు, గోటితోనే చూశారు. “గాలి ఫిల్టరు తెండి” అన్నారు. తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. దాని అంచు చినిగి ఉంది. “ఎప్పుడు మార్చారు భాయ్?” అని అడిగారు. నా వద్ద సమాధానం లేదు. చినిగిన ఆ అంచుగుండా ఏళ్ల తరబడి పల్లె బాటల దుమ్ము లోపలికి వెళ్లింది. ఆ దుమ్మే బోరును గీకింది. తప్పు బండిది కాదు, చేసినవారిదీ కాదు, నాది. నా కుమారుడి ఎదుట ఆ మాట ఒప్పుకోవడం కొంత కష్టమైంది.

సిలిండరు బ్లాకును సంచిలో పెట్టుకుని ఇద్దరం రైల్లో విజయవాడ ఆటోనగర్‌కు వెళ్లాం. లేత్ షాపులో బోరు కొలిచి, 0.50 మిల్లీమీటర్ల పెద్ద సైజు పిస్టన్‌కు సరిపడేలా కోసి, లోపలి గోడల మీద అడ్డదిడ్డంగా సన్నటి గీతలు పెట్టి ఇచ్చారు. నునుపుగా ఉంచక మళ్లీ గీతలెందుకని మా వాడు అడిగాడు. ఆ సన్నటి గీతలలో నూనె నిలిస్తేనే రింగులు తడిగా జారుతాయని పనివాడు చెప్పాడు. తిరుగు ప్రయాణంలో మా వాడు టికెట్టు వెనుక లెక్కలు వేశాడు. “అబ్బూ, పాత బోరు 50 మిల్లీమీటర్లు, స్ట్రోకు 49.5. వృత్త వైశాల్యాన్ని స్ట్రోకుతో గుణిస్తే 97.2 సీసీ, పుస్తకంలో రాసినంతే. ఇప్పుడు బోరు 50.5 కనుక మన బండి 99 సీసీ అయింది!” మూడు వారాల తరువాత వాడు నవ్వడం అదే మొదలు.

బిగింపు మొదలైన రోజు నేను పాఠశాల పని మీద బయటికి వెళ్లి మగ్రిబ్‌కు తిరిగివచ్చాను. మా వాడు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. సలాం చేసి, “అబ్బూ, కొత్త రింగు విరిచేశాను. చాచా వచ్చేదాకా ఆగమన్నారు, నేను ఆగలేదు. పిస్టన్‌కు ఎక్కించబోయి ఎక్కువగా సాగదీశాను” అన్నాడు. అరచేతిలో రెండు ముక్కలు. రింగు పోతలోహంతో చేసినది. చూడటానికి స్ప్రింగులా ఉంటుంది గాని అతిగా విప్పితే గాజులా విరుగుతుంది. ఆ సెట్టు మళ్లీ కొనాలంటే 300 రూపాయలు. నాకు కోపం వచ్చింది. ఆ కోపం బయటపడకముందే ఒక సంగతి గమనించాను. నేను అడగకుండానే, లోపలికి అడుగు పెట్టకుండానే వాడు చెప్పాడు. ఆ ముక్కలను చెత్తలో పడేసి, సెట్టులో ఒకటి తక్కువ వచ్చిందని అనవచ్చు. అనలేదు. “రేపు మళ్లీ కొందాం” అన్నాను.

వాడు కదలలేదు. కాసేపు ఆగి, నేను ఈనాటికీ మరువలేని ఆ మాట అడిగాడు.

“బండి పొగ దాచకూడదన్నాం కదా అబ్బూ. మరి నేను ఫెయిలైన సంగతి పెదనాన్నకు, మామూలకు ఎందుకు దాచారు? ఫలితం ఆగిందని చెప్పారు. అప్పటి నుండి ఎవరు ఫోను చేసినా నేను గదిలోకి వెళ్లిపోతున్నాను.”

వాడి మౌనానికి కారణం ఫెయిలు కావడమేనని నేను ఇన్నాళ్లూ అనుకున్నాను. ఫెయిలైన బాధను వాడు మొదటి రెండు రోజుల్లోనే దిగమింగాడు. తండ్రి తనను చూసి సిగ్గుపడి అబద్ధమాడాడన్న బాధే మిగిలింది. ఆ అబద్ధాన్ని వాడు కూడా మోయవలసి వచ్చింది. వాడి పరువు కాపాడటానికే అలా చెప్పానని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. నిజానికి కాపాడుకున్నది నా పరువు. ఉపాధ్యాయుడి కుమారుడు తప్పాడంటే నలుగురూ ఏమంటారోనన్న భయం.

ఆ రాత్రి ఇషా నమాజు తరువాత వాడిని పక్కన కూర్చోబెట్టుకుని మా అన్నయ్యకు ఫోను చేశాను. “భాయ్‌జాన్, ఫలితం ఆగిందని మీతో అన్నది నిజం కాదు. మా వాడు ఫిజిక్సు తప్పాడు. తప్పినందుకు కాదు, దాచినందుకు సిగ్గుపడుతున్నాను” అన్నాను. అవతల కొద్ది క్షణాలు మౌనం. తరువాత ఆయన మెల్లగా నవ్వారు. “మాకు ఆ రోజే తెలుసురా. హాల్‌టికెట్ నంబరు నువ్వే ఇచ్చావు కదా, దువా చేయమని. మీ వదిన ఫోనులో చూసింది. నువ్వే చెబుతావని ఊరుకున్నాం. వాడిని ఇవ్వు, మాట్లాడతాను.” మా వాడు ఫోను తీసుకుని అరగంట మాట్లాడాడు. ఎక్కువసేపు రింగుల గురించే.

అంటే నేను దాచాననుకున్న పొగ అందరికీ కనబడుతూనే ఉంది. కనబడనిది నాకొక్కడికే.

కొత్త రింగులు వచ్చాక ఈసారి చాచా ఎదుటే పని సాగింది. రింగును ముందు బోరులో పెట్టి, పిస్టన్‌తో సమంగా నెట్టి, కొసల నడుమ సందును ఫీలర్ గేజితో చూశాం. అక్షరం ఉన్న ముఖం పైకి వచ్చేలా రింగులు ఎక్కించి, వాటి సందులు ఒకే వరుసలో పడకుండా తలోవైపు తిప్పాం. పిస్టన్ మీది గుర్తు ఇన్‌లెట్ వైపు ఉండాలన్నారు. పిన్ను లాకు ఎగిరి ఇంజను లోపల పడకుండా నోటికి శుభ్రమైన గుడ్డ కుక్కాం. వాల్వులను రుబ్బుడు పేస్టుతో కూర్చోబెట్టి, కొత్త సీళ్లు, కొత్త ప్యాకింగులు వేశాం. టైమింగ్ గుర్తులు కలిపి, టాపెట్లు సరిచేశాం. కొత్త గాలి ఫిల్టరును మా వాడే బిగించాడు, నావైపు ఒకసారి చూసి మరీ.

స్టార్టు చేసే రోజు నా శ్రీమతి, చిన్నది కూడా వాకిట్లోకి వచ్చారు. ‘బిస్మిల్లాహ్’ అని మా వాడు కిక్ కొట్టాడు. నాలుగవ కిక్కుకు ఇంజను అందుకుంది. వెంటనే సైలెన్సరు నుండి మునుపటి కంటే దట్టంగా నీలిపొగ! వాడి ముఖం పాలిపోయింది. ఆపబోయాడు. “ఉండు బేటా” అన్నారు చాచా. “బిగించేటప్పుడు పూసిన నూనె మండాలి. సైలెన్సరులో ఇన్నేళ్లుగా పేరుకున్నదీ మండాలి. పాత పాపం ఒక్క నిమిషంలో పోతుందా?” కాసేపు నడిపి, ఆపి చల్లారనిచ్చి, మళ్లీ నడిపాం. పావుగంటకు పొగ పలుచబడింది. అరగంటకు సైలెన్సరు వెనుక గోడ మీది రాతలు స్పష్టంగా కనబడ్డాయి. చాచాకు కనబడదు కనుక వాసన చూసి, “అల్‌హమ్దులిల్లాహ్” అన్నారు.

ఖర్చు ఇలా తేలింది. బోరు కోతకు 450, పిస్టన్ సెట్టుకు 900, సీళ్లు, ప్యాకింగులు, ఫిల్టరు కలిపి 350, ఆయిలుకు 400, విరిగిన రింగుల బదులు 300. మొత్తం 2,400 రూపాయలు. చాచా ఒక్క రూపాయి పుచ్చుకోలేదు. నా శ్రీమతి చేసిన సేమియా మాత్రం రెండుసార్లు అడిగి తిన్నారు.

రొట్టెలాయన వచ్చినప్పుడు మా వాడు ఒక కాగితం చేతికిచ్చాడు. ఒకవైపు మార్చినవన్నీ, మరోవైపు మార్చనివన్నీ. క్లచ్చి ప్లేట్లు పాతవి, వెనుక టైరు సగం అరిగింది, మడ్‌గార్డు కింద తుప్పు ఉంది. మొదటి 500 కిలోమీటర్లు మెల్లగా నడపాలి, ఆ తరువాత ఆయిలు తప్పక మార్చాలి. ఆయన ఆ రెండవ వైపు చూసి గట్టిగానే బేరమాడాడు. చివరకు 14,500కు కుదిరింది. ఖర్చులు పోగా మాకు మిగిలింది 12,100. చిక్కటి ఆయిలు దారిలో వెళ్లి ఉంటే మరో ఏడున్నర వేలు వచ్చేవి. నెల జీతం లెక్కపెట్టుకుని బతికే ఇంటికి అది చిన్న మొత్తం కాదు. ఫీజును రెండు వాయిదాలలో కట్టుకుంటామని కళాశాలలో అడగవలసి వచ్చింది. అయినా ఆయన ఇప్పటికీ మా వీధిగుండా వెళుతూ మా గుమ్మం ముందు హారన్ కొట్టి చేయి ఊపుతాడు. నేను తలుపు వెనుక దాక్కోవలసిన అవసరం లేదు.

ఆ మధ్య టెక్సస్‌లో ఉన్న మా చెల్లెలు వీడియో కాల్ చేసింది. తన పదేళ్ల కుమారుడికి 50 సీసీల చిన్న డర్ట్ బైకు ఉంది. అది ఉన్నట్టుండి పొగ వదులుతున్నదట. మా వాడు బండిని చూపించమన్నాడు. “అత్తమ్మా, ఇది మా స్ప్లెండర్ ఇంజనుకు తమ్ముడిలాగే ఉంది, ఇలాగే పడుకుని ఉంది. జపానులో 1958లో వచ్చిన హోండా కబ్ నుండి ఈ వంశమే” అని మొదలుపెట్టి, “తమ్ముడూ, బండి కిందపడిందా?” అని అడిగాడు. ఆ పిల్లవాడు తల్లివైపు దొంగచూపు చూసి, పడిందని ఒప్పుకున్నాడు. పక్కకు పడినప్పుడు ఆయిలు దారి తప్పి బోరులోకి, గాలి పెట్టెలోకి చేరుతుంది. ఆయిలు మట్టం చూసి, గాలి పెట్టె తుడిచి, ఆరుబయట కాసేపు నడపమన్నాడు. మూసిన గ్యారేజీలో మాత్రం నడపవద్దని, ఆ పొగ ప్రాణాలకే ప్రమాదమని రెండుసార్లు హెచ్చరించాడు. మరునాటికి పొగ పోయింది. “ఇంత ఫిజిక్సు ఎక్కడ నేర్చుకున్నావు?” అని మా చెల్లెలు ముచ్చటపడితే, “ఫెయిలయ్యాక నేర్చుకున్నాను అత్తమ్మా” అన్నాడు. గదిలోకి వెళ్లిపోలేదు.

మే నెలాఖరులో సప్లిమెంటరీ రాశాడు. ఫలితం వచ్చిన ఉదయం నేను ఫజ్ర్ నమాజు చేసి వచ్చి, వాడిని ఎలా అడగాలా అని మధ్యాహ్నం వరకు తటపటాయిస్తూనే ఉన్నాను. చివరకు వాడి గది తలుపు వద్దకు వెళితే లోపల నుండి మాటలు వినబడ్డాయి. నాకంటే ముందు మా అన్నయ్యకు తానే ఫోను చేసి, ఎన్ని మార్కులు వచ్చాయో ఉన్నది ఉన్నట్టుగా చెబుతున్నాడు.